గంటస్తంభం కనబడని దారి

ఆ దేశం పేరెత్తితే చాలు, ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గంటస్తంభమే. బిస్కెట్ డబ్బాల మీద అదే బొమ్మ, తాళంచెవుల గొలుసులకు అదే, పోస్టుకార్డుల మీద అదే. ఊళ్ళో ఏ మేడ ఎక్కినా, ఏ మలుపు తిరిగినా పలకరించేదీ అదే. విమానం దిగినవాళ్ళు నేరుగా దాని కిందికి వచ్చి, తలెత్తి, నోరు తెరిచి, ఫోటో దిగి, సాయంత్రానికల్లా మళ్ళీ విమానం ఎక్కేస్తారు. దాన్ని చూడకుండా ఆ ఊళ్ళో ఒక్క పూట గడపడం మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదు. అలాంటిది ఒక పెద్దమనిషి మాత్రం ఇక జన్మలో దాని మొహం చూడనని ఒట్టేసుకుని కూర్చున్నాడు. ఆయన్ని అందరూ మైకు అంటారు.

మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇరవయ్యేళ్ళకు పైగా గంటస్తంభం కింద గైడుగా నిలబడి, దాన్ని ఎవరు కట్టించారు, ఎందుకు కట్టించారు, కట్టించినవాడికీ కట్టినవాడికీ ఎక్కడ చెడింది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. తను చెబుతుంటే పావురాలు కూడా రెక్క కదపకుండా వినేవని ఆయనే చెప్పుకుంటాడు. పావురాలు ఈ విషయం గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు.

అలా ఉండగా హెడ్‌ఫోన్లు వచ్చి పడ్డాయి. అవి ఎనిమిది భాషలు మాట్లాడతాయి, మధ్యలో మంచినీళ్ళు అడగవు, గొంతు బొంగురుపోయిందని సెలవు పెట్టవు. మేనేజరు మైకుని పిలిచి, "మిమ్మల్ని తీసేస్తామా చెప్పండి! గేటు దగ్గర కుర్చీ వేయిస్తాం. వచ్చినవాళ్ళకి ఈ హెడ్‌ఫోన్లు పంచుతూ హాయిగా కూర్చోండి" అన్నాడు. పుండు మీద కారం చల్లి, పైగా విసనకర్రతో విసిరినట్టయింది. మైకు నేరుగా ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే, "ఇక ఆ గంటస్తంభం మొహం చూడను. దాని పేరు కూడా ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు" అని ప్రకటించాడు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. రెండోది ఆయన భార్య. ఆవిడ గంటస్తంభానికి ఎదురుగా ఉన్న టికెట్ల కిటికీలో ఉద్యోగం చేస్తుంది.

"మరి నేను ఎక్కడికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళాలి రోజూ?" అని అడిగిందావిడ.

"ఆఫీసుకని చెప్పు."

ఆ కొత్త చట్టం వల్ల ముందుగా పోయింది మధ్యాహ్నం భోజనం. ఇన్నేళ్ళూ ఒంటిగంట కొట్టగానే ఆవిడ కిటికీ మూసేది, ఆయన ఉపన్యాసం ముగించేవాడు, ఇద్దరూ ఆ కిటికీ పక్క మెట్టు మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళు. ఇప్పుడు ఆయన ఇంట్లో గోడకేసి చూస్తూ తింటున్నాడు. ఆవిడ అక్కడ తింటోంది. ఇది ఇద్దరికీ బాధగానే ఉంది కానీ, ఒట్టు వేసినవాడు దిగిరావాలిగా!

ఊళ్ళో తిరగాలంటే మైకు సందులు పట్టుకున్నాడు. ఇరుకు సందుల్లో మేడల నీడన, ఎక్కడ ఆకాశం కాస్త వెడల్పుగా కనబడితే అక్కడ తల దించేసుకుని నడిచేవాడు. అలా నడిచీ నడిచీ, పుట్టి పెరిగిన ఊళ్ళోనే ఎన్నడూ చూడనివన్నీ చూశాడు. సరిగ్గా అప్పుడే పర్యాటక శాఖవాళ్ళు, వచ్చినవాళ్ళు పూట తిరక్కుండానే వెళ్ళిపోతున్నారు, వాళ్ళకి ఇంకేమైనా చూపించేవాళ్ళుంటే పర్మిషన్ ఇస్తామన్నారు. మైకు ఎగిరి గంతేశాడు. దరఖాస్తులో ఉన్నదేదో ఉన్నట్టు రాస్తే సరిపోయేది. రోషం ఆగక, "నా దారిలో గంటస్తంభం ఒక్కసారి కూడా కనబడదు, దాని గంట వినబడదు. కనబడిన రోజున నాకు పర్మిషన్ ఇవ్వనక్కర్లేదు" అని కూడా రాసి పారేశాడు.

"అయితే నేనే వచ్చి చూస్తాను" అంది అది చదివిన పర్యాటక శాఖ ఆఫీసరమ్మ.

పర్మిషన్ వస్తే మైకు మళ్ళీ గైడు. రాకపోతే గేటు దగ్గర కుర్చీ, ఒళ్ళో హెడ్‌ఫోన్లు. భార్యకు అలాగని మాటిచ్చాడు, ఎందుకంటే ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుంటాడు! 

సందులో వాళ్ళందరినీ పోగుచేసి పనులు అప్పజెప్పాడు. లాండ్రీ పక్క ఖాళీలోంచి స్తంభం నిలువునా కనబడుతుంది కనుక అక్కడ దుప్పట్లు ఆరేయాలి. పదకొండు గంటలు కొట్టే వేళకు రేకుల షెడ్డులో సుత్తులన్నీ ఒక్కసారి మోగాలి. పన్నెండింటికి అందరూ ఐసు ఫ్యాక్టరీలో తలుపు బిగించుకుని ఉండాలి. "అన్నిటికన్నా ముఖ్యం ఒకటుంది. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. ప్రాణం పోతున్నా సరే. ఎవరైనా ఆ పేరెత్తారో, నా కడుపు కొట్టినట్టే" అన్నాడు. అందరూ తలలూపారు. ఆ సందులో మాటంటే మాటే.

ఆ రోజు పొద్దున్న భార్య ఆయన నీలం కోటు ఇస్త్రీ చేస్తోంది. గైడుగా ఉన్నన్నాళ్ళూ వేసుకున్న కోటది. ఛాతీ మీద జేబుకున్న చిన్న గంటస్తంభం గుర్తును ఆయనే బ్లేడుతో గీకి, దారాలు పీకి పారేశాడు.

"ఏవండీ, ఇవాళ ఈ కోటే వేసుకుంటారా?"

"అదే నాకు అచ్చొచ్చిన కోటు."

"అది కాదండీ, దీని మీద గంట..."

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం చెప్పాను నేను? ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా లేదా?"

ఆవిడ ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసింది. "అన్నారు" అంది. కోటు మడత పెట్టకుండా రెండు భుజాలూ పట్టుకుని ఎత్తి, ఆయన చేతులు దూర్చేదాకా నిలబడి తొడిగింది. వీపు మీద నలగకుండా రెండుసార్లు నిమిరింది కూడా. "బాగుంది. వెళ్ళిరండి" అని, డబ్బా తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది.

వచ్చినవాళ్ళు మొత్తం అయిదుగురు. ఆఫీసరమ్మ, కళ్ళజోడు, బిగించిన పెదాలు. ఊరు చూడటానికొచ్చిన రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తప్ప ఏమీ చూసే ఉద్దేశంలో లేరు. మైకు గొంతు సవరించుకుని, "రండి! ఈ ఊరికి ఇంకో మొహం ఉంది, అది చూపిస్తాను. నా వెనకే నడవండి" అని ముందుకు సాగాడు.

నాలుగడుగులు వేశాడో లేదో వెనక మాస్టారి భార్య కిసుక్కున నవ్వింది. కొత్తజంట కూడా నవ్వింది. ఇంకా ఏమీ చూపించకముందే నవ్వులు పూస్తున్నాయంటే శకునం బాగుందనుకున్నాడు మైకు.

మొదట రెండో అంతస్తు తలుపు దగ్గర ఆగాడు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు అన్న వాటాకు మెట్లు వచ్చాయి, తమ్ముడి వాటాకు వీధివైపున్న ఈ పై తలుపు వచ్చింది. మెట్లు ఇవ్వనని అన్న వాటిని పీకేయించాడు, తలుపు మూయనని తమ్ముడు పట్టుబట్టాడు. ఇప్పటికీ తమ్ముడు రోజూ ఆ తలుపు తీసి, కాళ్ళు గాల్లో వేలాడేసుకుని పేపరు చదువుతాడు. చుట్టాలొస్తే నిచ్చెన వేస్తాడు. కింది గదిలోంచి అన్న, "ఇవాళ్టి పేపర్లో ఏముందిరా?" అని అడుగుతాడు, తమ్ముడు పైనుంచి చదివి వినిపిస్తాడు. కోపం మెట్ల వరకే.

మైకు ఇదంతా అభినయంతో చెప్పి, వెనక్కి తిరిగి దారి చూపించాడు. పైనున్న తమ్ముడు పేపరు దించి, ఆయన వీపుని చూసి, "ఓయ్ మైకూ! నీ వీపు మీద..." అని నాలిక కరుచుకుని, పేపరుతో మొహం కప్పేసుకున్నాడు.

లాండ్రీ దగ్గర అంతా పకడ్బందీగా ఉంది. తాడు మీద దుప్పట్లు తెరచాపల్లా రెపరెపలాడుతున్నాయి, వాటి వెనకున్నది పిసరంత కూడా కనబడటం లేదు. లాండ్రీ నడిపే ఆవిడను ఊరంతా దుప్పట్ల అత్త అంటుంది. ఆవిడ గర్వంగా నడుం మీద చేతులేసుకుని నిలబడి, మైకు తనను దాటగానే "అయ్యయ్యో" అని గుండె పట్టుకుంది. తాడు మీది దుప్పటి లాగుదామంటే అసలుది బయటపడుతుంది. గబగబా బుట్టలోంచి ఒక తడి దుప్పటి తీసి వెనకనుంచి ఆయన భుజాల మీద కప్పింది.

"ఏంటత్తా ఇది! తడిదుప్పటి!"

"కప్పుకో నాయనా. చల్లగా ఉంటుంది."

"నాకేం వేడిగా లేదు."

అత్త తన వీపు తడుముకుంది, ఆయన వీపుకేసి వేలు చూపించింది, కళ్ళు తిప్పింది, మళ్ళీ తన వీపు తడుముకుంది. మైకు జాలిపడ్డాడు. "నడుం నొప్పి మళ్ళీ మొదలైందా? సాయంత్రం మందు తెచ్చిస్తాలే. బరువులు ఎత్తకు" అని దుప్పటి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆఫీసరమ్మ ఎందుకో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేకుల షెడ్డులో అడుగు పెట్టగానే పదకొండు కొట్టే వేళయింది. మేస్త్రి చెయ్యి ఊపాడు. సుత్తులన్నీ ఒక్క పెట్టున లేచాయి. ఆ హోరులో గంట మాట దేవుడెరుగు, ఎవరి ఊపిరి వాళ్ళకే వినబడలేదు. సరిగ్గా అప్పుడే మేస్త్రి మైకు వీపు చూశాడు. ఆయన బుర్ర చురుకైనది. ఇక్కడ ఏమన్నా అతిథులకు వినబడదు కనుక అనేయొచ్చని, మైకు చెవిలో నోరు పెట్టి, "నీ కోటు వెనకాల గంటస్తంభం ఉందయ్యా బాబూ!" అని నరాలు తెగేలా అరిచాడు.

మైకుకీ వినబడలేదు. పనివాళ్ళు టీ అడుగుతున్నారు కాబోలనుకుని, "తర్వాత, తర్వాత" అని చేత్తో సైగ చేశాడు.

మేస్త్రి ఒక పెద్ద రేకు ముక్క తీసుకుని, సందు చివరిదాకా మైకు వెనకే దాన్ని నిలబెట్టి పట్టుకుని నడిచాడు.

"ఆయనెవరండీ? రేకు పట్టుకుని మీ వెనకాల ఎందుకొస్తున్నారు?" అని అడిగింది ఆఫీసరమ్మ, మొహం కందగడ్డలా చేసుకుని.

"నేనంటే అభిమానమండీ. సాగనంపుతున్నాడు."

ఆవిడ గోడవైపు తిరిగి కాసేపు భుజాలు కుదుపుకుంది. ఈ మనిషికి ఏమీ నచ్చుతున్నట్టు లేదని మైకుకు లోపల దడ మొదలైంది. కుర్చీ కళ్ళముందు కదిలింది. అందుకని ఐసు ఫ్యాక్టరీలో ప్రాణం పెట్టి మాట్లాడాడు. బయట పన్నెండు గంటలు కొడుతుంటే లోపల తలుపు బిగించి, గడ్డకట్టే చలిలో, ఐసు దిమ్మలు కోసే రంపం గురించి, కరిగిపోకుండా చల్లే పొట్టు గురించి, దిమ్మ మధ్యలో ఇరుక్కుపోయి ఎండాకాలం దాకా దొరకని కళ్ళజోడు గురించి, గోడలు దద్దరిల్లేలా చెప్పాడు. కొత్తజంట చలి వంకతో మరీ దగ్గరగా నిలబడ్డారు. ఐసు మోసే అతను మెల్లగా వెనకనుంచి వచ్చి, గోనెపట్టా ఒకటి మైకు భుజాల మీద వేశాడు.

"వద్దయ్యా, నాకు చలి లేదు" అని మైకు దాన్ని తీసి మాస్టారి భార్యకు కప్పాడు.

"నాకెందుకండీ! మీకే కావాలేమో చూసుకోండి" అందావిడ, ఇక ఆపుకోలేక పడీపడీ నవ్వుతూ.

చివరిది రంగుల గోడ. బోర్డులు రాసే పెయింటర్లు తరతరాలుగా కుంచెలు తుడుచుకున్న గోడ అది. ఒక్కో తుడుపూ ఒక్కో పొర అయి, రంగు పరుపంత మందాన పేరుకుపోయింది. ఎక్కడ గిల్లితే అక్కడ కొత్త రంగు వస్తుంది. మూతపడిన సినిమా హాలు ఎరుపు, ఎప్పుడో దివాళా తీసిన సబ్బుల కంపెనీ పసుపు, అన్నీ దానిలోనే ఉన్నాయి. మాస్టారు చెయ్యి వేసి చూసి, ఇలాంటిది తన జన్మలో చూడలేదన్నాడు. ఆఫీసరమ్మ కూడా కళ్ళజోడు తీసి, దగ్గరికెళ్ళి, ఒక్కో పొరా వేలితో తడిమి చూసింది. అయిపోయింది, గట్టెక్కాననుకుని మైకు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

అంతలో వీపు మీద చల్లగా ఏదో తగిలింది.

"కదలకు బాబాయ్, ఒక్క నిమిషం! పూర్తిగా కప్పేస్తాను!" అన్నాడు వెనకనుంచి పెయింటరు.

మైకు ఎగిరి ఇవతల పడ్డాడు. "ఓరి నీ దుంప తెగ! గోడ అంతుండగా నా కోటే దొరికిందా!" అంటూ చరచరా కోటు విప్పి, మరక ఎంత పడిందో చూద్దామని రెండు భుజాలూ పట్టుకుని ఎదురుగా ఎత్తాడు.

ఎదురుగా గంటస్తంభం.

మెడ దగ్గర మొదలై నడుం దాకా, పసుపు దారంతో, గడియారం ముళ్ళతో సహా, పావురాలతో సహా. మధ్యలో మాత్రం కొత్తగా ఒక ఆకుపచ్చ గీత. కోటు ఇచ్చిన రోజున ఆయన దాన్ని ఒకసారి చూసే ఉంటాడు. ఆ తర్వాత ఉతికిందీ, ఇస్త్రీ చేసిందీ, తొడిగిందీ భార్యే. ఎవరి వీపు వాళ్ళకి కనబడదు కదా. జేబు మీది బొటనవేలంత గుర్తును పీకి పారేసి, ఇంత పెద్దదాన్ని వీపున మోసుకుంటూ ఊరంతా తిరిగాడు.

ఆయన పక్కనున్న అరుగు మీద కూలబడి, "ఎప్పటినించి... చూస్తున్నారు?" అన్నాడు.

"పొద్దున్న మీరు వెనకే నడవండి అన్నప్పటినించీ" అంది ఆఫీసరమ్మ. "ఒక్క నిమిషం కూడా కనబడకుండా పోలేదండీ. ఆ రేకాయన పట్టుకున్నప్పుడు తప్ప."

అంతే, అందరూ పగలబడి నవ్వేశారు. ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకుంది. పెయింటరు కుంచె పట్టుకునే కింద కూర్చుండిపోయాడు. మైకుకు మాత్రం ఏడుపొచ్చినంత పనయింది. పోయిందనుకున్నాడు. మాట మాటే, కనబడింది కనబడిందే. "రేపటినించి హెడ్‌ఫోన్లు పంచుతాలెండి" అన్నాడు, కోటును చూడకుండా ఒళ్ళో కుక్కుకుంటూ.

"అది సరే కానీ" అన్నాడు లెక్కల మాస్టారు. "పొద్దున్నించీ ఈ బొమ్మ చూసీ చూసీ మాకు ఒకటే అనుమానం. మీ వీపు మీద గడియారం ఎప్పుడూ నాలుగుంపావే. అసలుది ఎంత చూపిస్తుందో ఒకసారి చూడాలి. మేమింకా దాన్ని దగ్గర్నించి చూడలేదు. తీసుకెళ్ళండి."

"నేను రాను. ఒట్టేసుకున్నాను."

"చూడనని కదా ఒట్టు? చూడకండి. దారి చూపించండి చాలు" అంది మాస్టారి భార్య.

ఇంత తేలిగ్గా ఒట్టుకు సందు దొరుకుతుందని మైకు అనుకోలేదు. బట్టలు దులుపుకుని లేచాడు. కోటు మళ్ళీ తొడుక్కున్నాడు, ఇక దాచడానికేముంది! సందు దాటి చౌరస్తా వచ్చేముందు స్తంభానికి వీపు పెట్టి, అతిథులవైపు తిరిగి, వెనక్కి వెనక్కి అడుగులేయడం మొదలుపెట్టాడు. ఏ రాయి దగ్గర కాలెత్తాలో, ఏ మెట్టు దగ్గర ఆగాలో చూడకుండానే కాళ్ళకు తెలుసు. తన పాత చోటు రాగానే కాళ్ళు వాటంతటవే ఆగాయి.

అయిదుగురూ తలలెత్తారు, నోళ్ళు తెరిచారు. కొత్తజంట కూడా మొదటిసారి ఒకళ్ళనొకళ్ళు వదిలి పైకి చూశారు.

మైకు ఎదురుగా చూశాడు. ఎదురుగా, వాళ్ళ తలల మీదుగా, కనబడుతున్నది టికెట్ల కిటికీ. అందులో ఆవిడ. చేతిలో చిల్లర, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎవరికో దారి చెబుతూ ఊపుతున్న తల.

అప్పుడు తెలిసింది ఆయనకు. ఇరవయ్యేళ్ళూ ఆయన ఈ చోటే నిలబడ్డాడు, ఎప్పుడూ ఇలాగే నిలబడ్డాడు. గైడన్నవాడు చూపించేదానికి వీపు పెట్టి, చూసేవాళ్ళకి ఎదురుగా నిలబడతాడు. గంటస్తంభం ఎప్పుడూ ఆయన వెనకాలే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన కళ్ళెదుట ఉన్నది ఆ కిటికీ ఒక్కటే. చూడనని ఒట్టేసి పోగొట్టుకున్నది స్తంభాన్ని కాదు. ఎంత బుద్ధితక్కువ పని చేశానురా అనుకున్నాడు.

పైన ఒంటిగంట కొట్టింది. ఆవిడ కిటికీ మూయబోతూ తలెత్తి, చౌరస్తా మధ్యలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. చెయ్యి అలాగే ఆగిపోయింది.

"పర్మిషన్ ఇస్తున్నానండీ" అంటోంది ఆఫీసరమ్మ పక్కనుంచి. "మీరు రాసిన ఆ గొప్ప మాట మాత్రం కొట్టేస్తున్నాను. దాని బదులు రెండు షరతులు. రోజూ ఈ కోటే వేసుకోవాలి. రోజూ సరిగ్గా ఈ వేళకి ఇక్కడికే తీసుకొచ్చి ముగించాలి. మీ సందులన్నీ తిరిగొచ్చాక చూస్తే ఇది ఇంకా బాగుంది."

మైకు సగమే విన్నాడు. అతిథులను దాటుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఎన్ని టికెట్లు?" అందావిడ, మొహం బిగించి.

"నా వీపు మీద అంత గంటస్తంభం పెట్టుకుని నన్ను ఊరంతా తిప్పుతావా? చెప్పొద్దూ?"

"చెప్పబోయాను. ఎత్తొద్దన్నారు."

"నేనంటే మాత్రం? నువ్వు ఎప్పుడు విన్నావు నా మాట?"

"ఇవాళే. ఒక్కసారి విని చూద్దామనిపించింది" అందావిడ, నవ్వు ఆగక. కిటికీ మూసి, తాళం వేసి, డబ్బా పట్టుకుని బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆయన పక్కన కూర్చోబోతుంటే, "ఆగండి, రంగు ఇంకా ఆరలేదు, గోడకి ఆనకండి" అని కాస్త జరిగి చోటిచ్చింది. మూత తీస్తే డబ్బా నిండా ఇద్దరికి సరిపడా ఉంది.

"రోజూ ఇంతే తెచ్చుకుంటున్నావా?" అన్నాడాయన.

"అలవాటైపోయింది" అందావిడ. "తినండి."